కొక్కేలున్న అంబాసిడర్

సంచిలో ఆయనవి రెండు పంచెలు, రెండు చొక్కాలు, ఒక తువ్వాలు పెట్టాను. ఆయన పెరట్లోకి వెళ్ళాక ఇంకో పంచె, ఇంకో చొక్కా అడుగున దూర్చాను. వెళ్ళేది భీమవరం, ఉండేది ఒక్క రాత్రి. అయినా ఎవరు ఊరికి బయలుదేరినా ఒక జత ఎక్కువ పెట్టకపోతే నాకు చెయ్యాడదు. అనుకున్న రోజుకి మనిషి రాకపోతే, ఎక్కడో మాసిన బట్టలతో ఉన్నాడేమో అన్న ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

"ఏంటే ఇది? కాశీకి వెళ్తున్నామా?" అన్నారు మా ఆయన గంగబాబు, సంచి ఎత్తి చూసి.

"నేనూ వస్తున్నాను కదండీ. నా చీరలున్నాయి."

"చీరలు ఇంత బరువుంటాయా?"

"ఎండు రొయ్యల పచ్చడి సీసా ఉందండీ. రాంబాబుకి."

"వాడికి ఊరవతల అన్ని రొయ్యల చెరువులుంటే, నువ్వు వాడికి రొయ్యలు పట్టికెళ్తున్నావా?"

"చెరువులు పచ్చడి పెట్టవు కదండీ."

ఆయన నవ్వి ఖాకీ చొక్కా తొడుక్కున్నారు. టాక్సీ నడిపిన నలభై ఏళ్ళూ వేసుకున్న రంగు అది. మానేసి చాలాకాలమైనా, కారు బయటికి తీసిన రోజున మాత్రం ఖాకీయే వేసుకుంటారు.

రాంబాబు నా తమ్ముడు. మాది రాజోలు దగ్గర రేవు ఒడ్డున ఉండే పడవల కుటుంబం. వాడొక్కడు గోదావరి దాటి వెళ్ళి భీమవరంలో స్థిరపడ్డాడు. రొయ్యల చెరువుల మీద బాగా సంపాదించి, ఆ డబ్బు పాత కార్ల మీద పోశాడు. షెడ్డులో అయిదు పాత కార్లు ఉన్నాయి. అక్కడి పాత కార్ల క్లబ్బుకి వాడే సెక్రటరీ. ఏటా డిసెంబరులో వాళ్ళు ఒక షో పెడతారు. జనవరిలో అమలాపురంలో మావాళ్ళు ఇంకో షో పెడతారు. ఆరేళ్ళుగా తమ్ముడు అమలాపురం రాలేదు, మా ఆయన భీమవరం వెళ్ళలేదు. ఫోనులో మాత్రం ఆదివారం ఆదివారం పోట్లాడుకునేవారు. ఫోను స్పీకరులో పెట్టి, ఆయన వీధి అరుగు మీద కూర్చునేవారు. నేను లోపల కూర తరుగుతూ వినేదాన్ని.

"బావా, మీ షోకి కార్లొస్తాయా, కొబ్బరికాయల లోడ్లొస్తాయా?" అనేవాడు రాంబాబు.

"మా షోకి కార్లు వాటంతటవే నడిచొస్తాయిరా. మీ షోకి లారీ మీద పడుకుని వస్తాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే రోగుల్లాగ."

"ఒక్క బండికైనా అసలు రంగుందా మీ దగ్గర? తలుపులకి వేసే రంగు కార్లకి వేస్తారు మీరు."

"రంగెవడిక్కావాలిరా? పోయినేడు కాట్రేనికోన నుంచి ఒకాయన పాత జీపులో పదకొండుమంది మనవల్ని వేసుకుని వచ్చేడు. ఫస్టు ప్రైజు."

"పదకొండుమందిని కుక్కినందుకు ప్రైజు ఇవ్వాల్సింది మీరు కాదు బావా, పోలీసులు!"

ఇద్దరూ కోపంగానే పెట్టేసేవారు. వచ్చే ఆదివారం మళ్ళీ ఎవరో ఒకరు చేసేవారు.

అమలాపురం షోలో నియమం ఒక్కటే. బండి తన చక్రాల మీద రావాలి, లోపల ఇంట్లోవాళ్ళు ఉండాలి. లారీ మీద తెచ్చినవాళ్ళకి టిఫిను పెడతారు, ప్రైజు ఇవ్వరు. భీమవరంలో అలా కాదు. అక్కడ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి. తెల్ల గ్లవ్సులు వేసుకున్న కుర్రాళ్ళు తోసుకుంటూ తెస్తారు. చుట్టూ ఎర్ర తాడు కడతారు. జడ్జీలు కింద అద్దం పెట్టి, టార్చి వేసి చూస్తారు.

మా ఎదురింటి దేవసహాయం మేస్టారు రెండు షోలకీ వెళతారు. కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు, ఆయనకి పాత ఫియట్ ఉంది. భీమవరానికి వెళ్ళేటప్పుడు పైనున్న క్యారియరు, లోపలి ఫ్యాను విప్పేసి, చక్రాలకి కంపెనీ కప్పులు బిగిస్తారు. వచ్చాక క్యారియరు మళ్ళీ ఎక్కించి, పిల్లల్ని కూర్చోబెట్టి అమలాపురం వెళతారు. వెనక అద్దం మీద అతికించిన దేవుడి వాక్యం మాత్రం ఎక్కడికెళ్ళినా తియ్యరు. "దానికి రెండు మార్కులు పోతే పోనివ్వండమ్మా. ఆయన్ని దింపి నేను ప్రైజు తెచ్చుకోనా?" అంటారు.

"ఏ షో మంచిదండీ మేస్టారూ?" అని అడిగితే, "టిఫిను అమలాపురానిదండి, భోజనం భీమవరానిదండి. ఇంతకంటే నన్ను ఇరికించకండి" అనేవారు.

ఇక మా కారు సంగతి. అది నిజానికి మా అన్నయ్య ముసలయ్యది. అరవై నాలుగు మోడల్ అంబాసిడర్, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. మా నాన్నకి రేవులో పంటు ఉండేది. రెండు పడవలు జోడించి మీద చెక్కలు పరిచిన ఆ పంటు మీద ఆయన జీవితమంతా ఎవరెవరివో కార్లు దాటించారు. అలాంటి ఇంట్లో ఒక రోజు కొడుకు సొంత కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. పాతదే, ఎవరి దగ్గరో కొన్నదే. అయినా మా వాడలో మొదటి కారు అది. నాన్న దాని చుట్టూ తిరిగి, చక్రం మీద చెయ్యి వేసి, "దీన్నీ నేనే దాటిస్తాను" అన్నారు. ఆ రోజు ఆయన నడక నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

అన్నయ్య పోయాక కారు మా ఆయన చేతికి వచ్చింది. ఈ చుట్టుపక్కల ఆ కారు ఎక్కని ఇల్లు లేదని గట్టిగా చెప్పగలను. పెళ్ళికూతుళ్ళు ఎక్కారు. పురిటి నొప్పులతో ఎక్కినవాళ్ళున్నారు. వెనక సీటులోనే పుట్టిన పిల్ల ఒకతి ఇప్పుడు రాజోలులో బ్యాంకు మేనేజరు. రోడ్డు మీద కారు కనబడితే ఆగి, బానెట్టు మీద చెయ్యి వేసి మరీ పోతుంది.

ఆ కారుకి ముందు రెండు, వెనక రెండు ఇనుప కొక్కేలు ఉంటాయి. గుప్పెడంత లావు, చాసిస్‌కి అతికించినవి. చించినాడ వంతెన రాకముందు అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే కారు పంటు ఎక్కాల్సిందే. ఒకసారి మా కారు పంటు మీద నుంచి జారి గోదావరిలో పడింది. బయటికి తీశాక, మా ఆయన కమ్మరి దగ్గర కూర్చుని ఈ కొక్కేలు చేయించారు. అప్పటి నుంచి పంటు ఎక్కించే పద్ధతి కూడా మార్చారు. ముందు అందర్నీ దింపేస్తారు. కారుని తిప్పి వెనక్కి ఎక్కిస్తారు. నాలుగు తలుపులూ బార్లా తెరుస్తారు. చక్రాల కింద కొబ్బరి డొక్కలు తోస్తారు. నాలుగు కొక్కేలకీ పీచు తాడు కట్టి పంటు గుంజలకి బిగిస్తారు. మొదట్లో మిగతా డ్రైవర్లు నవ్వారు. ఏడాది తిరక్కుండా మా రేవులో ప్రతి టాక్సీకీ కొక్కేలు వచ్చాయి. ఆ తర్వాత మా రేవులో ఒక్క కారూ పడలేదు.

ఈ ఏడాది అక్టోబరులో కళ్ళ డాక్టరు ఆయనతో, "వచ్చే సంవత్సరం నుంచి స్టీరింగు ముట్టుకోవద్దండి" అన్నాడు. ఆ సంగతి తెలిసిన ఆదివారమే రాంబాబు ఫోను చేశాడు.

"బావా, ఒక్కసారి మా షోకి తీసుకురా. స్టేజీ మీద నిలబెడదాం. అందరూ చూస్తారు. కాకపోతే ఆ నాలుగు కొక్కేలూ కోయించి తీసుకురా."

"కొయ్యను."

"కొయ్యకపోతే స్టేజీ ఎక్కదు. రూలు."

"కొక్కేలతోనే ఎక్కిస్తాను."

"నేను ఎక్కనివ్వను."

"చూద్దాం లేరా."

తర్వాత వాళ్ళ నిబంధనల కాగితం పోస్టులో వచ్చింది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. పచారీ పొట్లాల కాగితాల మీద, గోడల మీద అంటించిన బొమ్మల కింద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆయన కళ్ళు మసకబారాక ఇంటికొచ్చే ప్రతి కాగితం నేనే చదువుతున్నాను. "ఏడో నిబంధన. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లేని భాగం ఏదైనా తర్వాత అతికించి ఉంటే, అట్టి వాహనమునకు వేదిక ఎక్కు అర్హత లేదు."

"మళ్ళీ చదువు."

చదివాను.

"అయితే నా కట్టుడు పళ్ళు చూసి నన్ను కూడా ఎక్కనివ్వరన్నమాట" అన్నారు.

నవ్వారు గానీ, ఆ కారు ఆ కొక్కేలతో ఆ స్టేజీ మీద ఒక్కసారి నిలబడటం తప్ప ఆయనకి ఇంకేమీ అక్కర్లేదని నాకు తెలుసు. తమ్ముడికి అవి లేకుండా నిలబడాలి. ఇద్దరి మధ్యా మిగిలిన బంధుత్వం ఆ నాలుగు ఇనప ముక్కల మీద ఆగి ఉందని నాకు గుబులుగా ఉండేది. ఈ వయసులో ఒకరికొకరు మాట్లాడుకోవడం మానేస్తే మళ్ళీ మొదలెట్టడానికి టైము ఉండదు.

శనివారం పొద్దున్నే బయలుదేరాం. ముందు మేస్టారి ఫియట్, వెనక మేము. దిండి దాటి వంతెన ఎక్కగానే ఆయన వేగం తగ్గించారు. వంతెన మీద ఆయన మాట్లాడరు. నేనూ మాట్లాడను. తలుపు పిడి పట్టుకుని, చించినాడ చెట్లు కనబడే వరకు నా కాళ్ళ వంకే చూస్తూ కూర్చుంటాను. వంతెన దిగాక ఆయన హారను ఒకసారి కొట్టారు. ఎవరూ అడ్డం లేరు. ఊరికే కొట్టారు.

పాలకొల్లులో కాఫీకి ఆగితే జనం మూగారు. ఒక ముసలాయన కొక్కెం పట్టుకుని చూసి, "పంటు బండి కదండీ ఇది?" అన్నాడు. "ఆయ్" అన్నారు మా ఆయన. మా కాఫీ డబ్బులు ఆ ముసలాయనే ఇచ్చేశాడు.

మధ్యాహ్నానికి రాంబాబు షెడ్డుకి చేరాం. కారు ఆగకుండానే వాడు ఎదురొచ్చి, నా చేతిలో సంచి అందుకున్నాడు. "అక్కా, ఏం పెట్టేవే ఇందులో? ఇటుకలా?" అని, సీసా మూత తీసి వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. అరవై దాటినా ఆ మొహం చిన్నప్పటిదే.

షెడ్డులో అయిదు కార్లు వరసగా ఉన్నాయి. నేను ఒక్కో దాని దగ్గరికీ వెళ్ళి చూశాను. మొహం చూసుకోవచ్చు. సీట్ల మీద ఒక్క ముడత లేదు. పెడళ్ళ మీద రబ్బరు అరగలేదు. వాటిలో ఎవరూ ఎక్కలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు, వాటికి ఎప్పుడూ ఏమీ జరగలేదు. అలా ఉన్నాయి అవి. వాటి మధ్య నిలబడి ఉన్నప్పుడు నాకు తమ్ముడి షో అంటే ఏమిటో అర్థమైంది. వాడికి కావలసింది మెరుపు కాదు. ఏ చెడూ జరగకముందు రోజు కావాలి.

షెడ్డు మూల ఒక మెకానిక్కు కటింగు మిషను పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరికోసం ఈయన?" అన్నారు మా ఆయన.

"నీకోసమే బావా. పది నిమిషాల పని. కోసి, నున్నగా రుద్ది, నల్లరంగు వేస్తాడు. అక్కడ ఏదో ఉండేదని ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తుంది."

"నువ్వు ఇప్పుడు పంటు ఎక్కిస్తావా? వంతెన వచ్చి ఎన్నాళ్ళయింది? దేనికి ఆ ఇనుము?"

"నీ అయిదు కార్లూ ఎక్కడికీ వెళ్ళవు కదా. వాటికి చక్రాలు దేనికి?"

మేస్టారు కల్పించుకుని, "భోజనం చల్లారుతుందేమోనండి" అన్నారు.

రాంబాబు తెల్లగుడ్డ తీసుకుని మా కారు తుడవడం మొదలెట్టాడు. పైకప్పు తుడిచాడు, అద్దాలు తుడిచాడు, ముందున్న జాలీలో ఒక్కో పుల్లా తుడిచాడు. కొక్కేల దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కకి తప్పించి బంపరు మీదికి పోనిచ్చాడు. నాలుగు చోట్లా అంతే. మెకానిక్కు లేచి మిషను తీగ విప్పబోతే, మా ఆయన వెళ్ళి ముందు కొక్కెం పట్టుకుని కూర్చున్నారు. డెబ్బై ఏడేళ్ళ మనిషి బంపరు ముందు గొంతుక్కూర్చుంటే మెకానిక్కు ఏం చేస్తాడు? అతను రాంబాబు వంక చూశాడు. రాంబాబు చెయ్యి ఊపి అతన్ని పంపించేశాడు.

"పోటీ నంబరు ఇవ్వను బావా. నేను సెక్రటరీని. నా బావ బండికి ఒక రూలు, ఊళ్ళోవాళ్ళ బండ్లకి ఒక రూలు పెట్టలేను."

"పెట్టమని నేను అడగలేదురా."

అన్నం తింటున్నంతసేపూ పచ్చడి తప్ప ఇంకో మాట రాలేదు.

ఆదివారం పొద్దున్న ఫంక్షను హాలు మైదానం కళకళలాడిపోయింది. ఎన్ని కార్లో! అంత పాత కార్లు ఒక్కచోట నేను చూడలేదు. అమలాపురం దాన్నయినా ఒప్పుకోకుండా ఉండలేను, బాగుంది. ఎదురుగా ఇనప గొట్టాల మీద చెక్కపలకలు పరిచి, ఎర్ర తివాచీ కప్పి పెద్ద స్టేజీ కట్టారు. కార్లు ఏటవాలుగా దాని మీదికి ఎక్కాలి. ముగ్గురు జడ్జీలు చుట్టూ తిరిగి చూస్తారు. రాంబాబు కోటు వేసుకుని, మైకు పట్టుకుని ఒక్కో కారు గురించీ చెబుతున్నాడు. కోటులో తమ్ముడు ఎంత పెద్దమనిషిలా ఉన్నాడని నేను మురిసిపోయాను. ఆ మాట మా ఆయనతో అనలేదు.

నంబరు లేని కారు మాదొక్కటే. ఆయన వరసలో చివర ఆపి, ఖాకీ చొక్కాతో స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను వెనక సీటులో. ఒక్కో కారూ ఎక్కుతోంది, దిగుతోంది. మేస్టారి ఫియట్ ఎక్కింది. జడ్జీ వెనక అద్దం మీద వాక్యం చూపించి ఏదో అన్నాడు. మేస్టారు చేతులు కట్టుకుని నవ్వారు. రెండు మార్కులు పోయాయని అక్కడి నుంచే నాకు తెలిసింది.

ఆఖరి కారు దిగింది. ఆయన ఇంజను స్టార్టు చేశారు.

"ఏమండీ, వద్దండీ. అందరి ముందూ వాడు దింపేస్తే..."

"దింపితే దిగుదాం."

ముందుకి పోనిచ్చారు. జనం పక్కకి తప్పుకున్నారు. "బావా, ఆగు" అంది మైకు. మైదానమంతా వినబడింది. ఆయన ఆగలేదు. ముందు చక్రాలు స్టేజీ పలకల మీద పడ్డాయి. తివాచీ కింద చెక్క కిర్రుమంది.

అప్పుడు ఆయన బ్రేకు వేశారు.

"దిగు" అన్నారు నాతో. ఆ గొంతు నేను ఎన్నో ఏళ్ళుగా వినలేదు. రేవులో వినే గొంతు అది. నేను దిగిపోయాను. నాకు కూడా ఆ క్షణంలో తేడా తెలియలేదు, దిగమంటే దిగాను. ఆయన కారు వెనక్కి తీసి, తిప్పి, వెనకచక్రాలు ముందుగా స్టేజీ మీదికి ఎక్కించారు. దిగి నాలుగు తలుపులూ బార్లా తెరిచారు. డిక్కీ తీసి, వంతెన వచ్చాక కూడా అందులోనే ఉంచుకున్న కొబ్బరి డొక్కలు తెచ్చి ఒక్కో చక్రం కిందా కాలితో తోశారు. పీచు తాడు భుజాన వేసుకుని వచ్చి, కొక్కేలకి తగిలించి స్టేజీ గొట్టాలకి కట్టడం మొదలెట్టారు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

"ఏం తాతా, గోదారి దాటుతున్నావా?" అని ఎవరో అరిచారు.

"ఆయ్" అన్నారు ఆయన, తల ఎత్తకుండా. ఎగతాళి అని ఆయనకి తోచనే లేదు.

నవ్వులు ఇంకా పెరిగాయి. ఒక జడ్జీ దగ్గరికొచ్చి, "తలుపులు వెయ్యండి పెద్దాయనా. తలుపుల సందులు చూడాలి మేము. ఈ తాళ్ళేంటి, ఈ చెత్తేంటి?" అన్నాడు. ఆయనకి వినబడలేదు. మూడు తాళ్ళు బిగించి నాలుగోదాని దగ్గర వంగారు. కళ్ళు ఆనటం లేదు, ముడి పడటం లేదు. నేను స్టేజీ కిందనే నిలబడిపోయాను. నాకు సిగ్గు వెయ్యలేదు. ఆ మాట గట్టిగా చెబుతాను. అంతమంది నవ్వుతుంటే, నా పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని చూసి ఎప్పుడూ పడనంత గర్వపడ్డాను. ఈయన దాటించిన మనుషులు ఎందరో వీళ్ళకి తెలియదు కదా అనుకున్నాను. కానీ భయం వేసింది. ఎందుకంటే రాంబాబు మైకు పక్కన పెట్టి అటు నడుస్తున్నాడు.

దింపేస్తాడనుకున్నాను.

వాడు నాలుగో కొక్కెం దగ్గర ఆగాడు. బూట్లు విప్పాడు. పంటు చెక్కల మీద మా ఇంట్లో ఎవరం చెప్పులతో నిలబడేవాళ్ళం కాదు. కోటుతోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా ఆయన చేతిలో తాడు తీసుకుని, కొక్కెంలోంచి దూర్చి, రెండు మెలికలు వేసి, కొస వెనక్కి తిప్పి లాగాడు. నాన్న వేసే ముడి అది. వదులుగా ఉన్న తక్కిన మూడు తాళ్ళనూ కూడా వెళ్ళి బిగించాడు. చివర్న, నాన్న చేసినట్టే, తాడు మీద అరచేత్తో ఒక దెబ్బ వేసి బిగువు చూశాడు.

అవతలి ఒడ్డున పుట్టినవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. భీమవరం వైపువాళ్ళలోనూ ఆ వయసువాళ్ళకి పంటు తెలుసు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఒరే" అన్నారు మా ఆయన, అప్పుడే మెలకువ వచ్చినట్టు చుట్టూ చూసి. "స్టేజీ అని మర్చిపోయేనురా. చెక్క చప్పుడయ్యేసరికి..."

"తెలుసు బావా. నేనూ మర్చిపోయేను."

వాడు లేచి, సాక్సులతోనే వెళ్ళి మైకు తీసుకున్నాడు. "ఈ బండికి నంబరు లేదండి. ఏడో నిబంధన ప్రకారం ఇది పోటీకి పనికిరాదు. ఆ నిబంధన రాసింది నేనే. అది అలాగే ఉంటుంది." మా కారు వైపు చెయ్యి చూపించాడు. "ఈ బండీ ఇలాగే ఉంటుంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది. కొక్కేలు చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూడండి. ముట్టుకోవచ్చు."

ఆ షోలో ముట్టుకోవచ్చు అన్న మాట అదే మొదటిసారి అని మేస్టారు తర్వాత చెప్పారు.

జడ్జీలు కాగితాలు మూసుకుని భోజనానికి వెళ్ళిపోయారు. ప్రైజు నీలం రంగు మోరిస్‌కి వచ్చింది. నిజంగా అందమైన కారు, రావాల్సిందే. కానీ సాయంత్రం దాకా జనం మాత్రం మా కారు దగ్గరే ఉన్నారు. ఒకావిడ తన పెళ్ళికి ఈ కారులోనే దాటానంది. ఒకాయన వెనక సీటులో కూర్చుని, దిగనని మనవడితో పోట్లాడాడు.

"ఎన్ని మార్కులు పోయాయండి మీకు?" అని మేస్టారు నవ్వుతూ అడిగారు.

"అసలు వెయ్యలేదండి."

"అదృష్టవంతులు. నాకు దేవుడు రెండు తగ్గించేడు."

మా ఆయనా, రాంబాబూ స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని మళ్ళీ మొదలెట్టారు. "కొక్కేలకి తుప్పు పట్టింది బావా. కనీసం గీకించు." "తుప్పు ఫ్యాక్టరీది కాదురా, గోదారిది." "జనవరిలో మీ షోకి వస్తాను. కానీ పదకొండుమందిని ఎక్కించుకోను." "అయితే నీకు టిఫినే." నేను పక్కన కూర్చుని విన్నాను. ఆ పోట్లాట వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడొక కాలేజీ పిల్ల, బిందు అట పేరు, సెల్‌ఫోనుతో ఫోటోలు తీసుకుంటూ వచ్చింది. "తాతగారూ, తాళ్ళు సరేనండీ, జారిపోకుండా. మరి తలుపులెందుకు తెరిచేరండీ?"

మా ఆయన రాంబాబు వంక చూశారు. ఇన్నేళ్ళలో తమ్ముడు ఆ మాట నోటితో అనగా మేము వినలేదు. నాన్న బతికుండగా అనలేదు, నాన్న పోయాక కూడా అనలేదు. వాడు చేతిలో ఉన్న తెల్లగుడ్డతో దగ్గర్లో ఉన్న కొక్కెం తుడవడం మొదలెట్టాడు. లోపలి వంపు దాకా తుడిచాడు.

"మునిగితే మనిషి బయటికి రావడానికమ్మా" అన్నాడు. "మా అన్నయ్య ఈ బండిలోనే కూర్చున్నాడు. వాన కొడుతోందని తలుపులు మూసుకున్నాడు. అప్పటికి కొక్కేలు లేవు. నేను పంటు మీదే ఉన్నాను, గెడ పట్టుకుని."

ఆ పిల్ల ఫోను దించేసింది. మిగతాది కూడా తమ్ముడే చెప్పాడు, నెమ్మదిగా, ఒక్క మాట తడబడకుండా.

మా అన్నయ్య ముసలయ్య 1978 ఆగస్టు పద్దెనిమిదో తేదీ, శ్రావణ శుక్రవారం ఉదయం, మా నాన్న పంటు మీద గోదావరి దాటడానికి బయలుదేరాడు. కారు మర్నాడు ఒడ్డుకి వచ్చింది. అన్నయ్య రాలేదు.